ఆ పాటలు మాన్పించలేను సార్



గత నెల పేరెంట్ టీచర్ మీటింగ్‌లో ఒక నాన్నగారు నా టేబుల్ ముందు కూర్చున్నారు. మార్కుల షీటు చూశారు, సంతకం పెట్టారు. లేవబోతూ ఆగి, "మేడమ్, ఒక్క విషయం. మావాడు ఖాళీ దొరికితే చాలు, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పాటలు వింటున్నాడు. మేం చెబితే వినడు. టీచర్ చెబితే వింటాడు కదా, మీరు కాస్త మాన్పించండి" అన్నారు. ఆయన వెనకాల ఇంకా చాలామంది వరుసలో ఉన్నారు. నేను ఆలోచించకుండా "తప్పకుండా సార్, చెబుతాను" అనేశాను.

ఇంటికి వెళ్ళాక ఆ మాట మనసులో మెదులుతూనే ఉంది. నేను కూడా పాటలు వింటూ పెరిగినదాన్నే. పైగా అంతకు కొన్ని వారాల ముందే, ఒక పాట విషయంలో నా క్లాసులోని ఒక పిల్లాడి దగ్గర పెద్ద తప్పు చేశాను. ఆ తప్పు గుర్తుండి కూడా మీటింగ్‌లో అలా తలూపినందుకు నామీద నాకే కోపం వచ్చింది. ఆ రోజు ఆ నాన్నగారికి చెప్పాల్సిన జవాబు ఇప్పుడు మీ అందరికీ చెబుతున్నాను.

నలభై ఒక్క నోటుబుక్కులు

జులైలో ఏడో తరగతి పిల్లలకి ఇంగ్లిష్‌లో ఒక పేరాగ్రాఫ్ రాయమని ఇచ్చాను. టాపిక్ 'నాకు ఇష్టమైన పాట'. నూట యాభై పదాలు. 41 నోటుబుక్కులు వచ్చాయి. దిద్దుతూ పోతుంటే ఒక సంగతి అర్థమైంది. చాలామంది అసలు పాట గురించే రాయలేదు. ఆ పాటకి వేసే స్టెప్పు గురించి రాశారు, హీరో వేసుకున్న షర్టు గురించి రాశారు, ఆ పాటకి ఎన్ని కోట్ల వ్యూస్ వచ్చాయో రాశారు. పాట ఏం చెబుతోందో రాసినవాళ్ళు ఐదారుగురే. మరునాడు క్లాసులో అడిగాను: "మీకు ఇష్టమైన పాటలో రెండో చరణం ఎవరికి వచ్చు?" నాలుగు చేతులు లేచాయి.

ఇందులో పిల్లల తప్పేమీ లేదు. వాళ్ళ దగ్గరికి పాట చేరేదే ముప్పై సెకన్ల ముక్కగా. ఆ ముక్క అయిపోగానే ఇంకో ముక్క. చరణం దాకా వెళ్ళే అవసరమే రాదు.

ఆ 41 పుస్తకాల్లో ఒకటి మాత్రం వేరుగా ఉంది. ఒక అబ్బాయి 'మాయాబజార్' సినిమాలోని పడవ పాట గురించి రాశాడు. 1957లో వచ్చిన సినిమా అది. రాత్రిపూట కరెంటు పోతే వాళ్ళ నాన్నమ్మ ఆ పాట పాడుతుందట. తాతయ్య ఉన్నప్పుడు ఇద్దరూ కలిసి పాడుకునేవాళ్ళట. ఇప్పుడు తాతయ్య వంతు తను పాడుతున్నాడట. ఆ పాటలో ముందు అభిమన్యుడు, శశిరేఖ పడవలో ఉంటారు, తర్వాత కృష్ణుడు, రుక్మిణి ఎక్కుతారు, ఆఖరికి శశిరేఖ అమ్మానాన్నలైన బలరాముడు, రేవతి కూడా ఎక్కుతారు, కాబట్టి ఈ పాటలో తల్లిదండ్రులు కూడా సంతోషంగా ఉంటారు అని రాశాడు. ఐదు స్పెల్లింగ్ తప్పులున్నాయి. రెండు చోట్ల టెన్స్ తప్పింది.

నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. తప్పుల కింద గీతలు గీశాను. పదికి నాలుగు వేశాను. చివర్లో ఎర్ర సిరాతో, ఏదైనా ఇంగ్లిష్ పాట ఎంచుకుని మళ్ళీ రాయమని రాశాను. నేనిచ్చిన టాపిక్‌లో ఇంగ్లిష్ పాట అనే మాటే లేదు. కొత్త తెలుగు సినిమా పాటల మీద రాసిన మిగతావాళ్ళ పుస్తకాల్లో ఆ మాట రాయలేదు కూడా. వాళ్ళకి లేని నియమం నాన్నమ్మ పాటకి మాత్రం ఎందుకు పెట్టానో ఆ రోజు నన్ను నేను అడగలేదు.

వారం తర్వాత ఆ అబ్బాయి మళ్ళీ రాసి తెచ్చాడు. ఒక ఇంగ్లిష్ పాట. ఒక్క తప్పు లేదు. ఎక్కడినుంచో చూసి ఎత్తిరాశాడని మొదటి వాక్యంలోనే తెలిసిపోయింది. అయినా పదికి ఎనిమిది వేశాను. అంటే, తన ఇంటి గురించి నిజంగా రాసినదానికి నాలుగు, ఎత్తిరాసినదానికి ఎనిమిది. ఆ వారం ఆ పిల్లాడు నా దగ్గర నేర్చుకున్నది అదే. (ఈ సంగతి ఆ అబ్బాయీ, వాళ్ళ అమ్మగారూ ఒప్పుకున్నాకే ఇక్కడ రాస్తున్నాను.)

నాన్న కేసెట్లు

నేనెందుకు అలా చేశానో తెలుసుకోవాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. మాది గుడివాడ దగ్గర ఒక చిన్న ఊరు. నాన్నకి సైకిల్ షాపు ఉండేది. షాపులో పంచర్ల డబ్బా పక్కన ఒక టేప్‌రికార్డర్, అట్టపెట్టె నిండా కేసెట్లు. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది: తెల్లకాగితం మీద పాటల పేర్లు రాసిస్తే బజారులో రికార్డింగ్ షాపువాళ్ళు ఖాళీ కేసెట్‌లో ఆ వరసలోనే ఎక్కించి ఇచ్చేవాళ్ళు. అరవై నిమిషాల కేసెట్‌లో ఒక్కో వైపు ఏడెనిమిది పాటలు పట్టేవి. ఏ పాట తర్వాత ఏ పాట రావాలో నాన్న రెండు మూడు రోజులు ఆలోచించి రాసేవారట. ఒక వైపు ఘంటసాల, సుశీల. రెండో వైపు బాలు, జానకి. నేను పుట్టేనాటికే ఆ పెట్టె నిండిపోయింది. టేపు బయటికి వచ్చేస్తే పెన్సిల్ పెట్టి చుట్టడం మాత్రం నా వంతు.

కేసెట్‌లో నచ్చని పాటని ఒక్క నొక్కుతో దాటేయడం కుదరదు. ముందుకు తిప్పితే ఎక్కడ ఆగుతుందో తెలియదు. అందుకని అన్నీ వినేవాళ్ళం. మొదట నచ్చని పాట కూడా పదోసారి వినేసరికి నచ్చేది. 'గీతాంజలి' మాత్రం నాన్న కొన్న కేసెట్. 1989 నాటి సినిమా. ఇళయరాజా సంగీతం, పాటలన్నీ వేటూరి రాశారు. నేను సినిమా చూసింది చాలా ఏళ్ళ తర్వాత. కానీ పాటలు మాత్రం వరసతో సహా నోటికి వచ్చేవి. ఇప్పటికీ ఎక్కడైనా అందులో ఒక పాట వినిపించి ఆగిపోతే, కేసెట్‌లో దాని తర్వాత ఉన్న పాట నా చెవిలో దానంతట అదే మొదలవుతుంది.

తర్వాత నన్ను టౌన్‌లో ఒక ఇంగ్లిష్ మీడియం స్కూల్లో చేర్పించారు. అక్కడ తెలుగులో మాట్లాడితే రూపాయి ఫైను. ఆ రూపాయి కంటే, ఫైను కట్టేటప్పుడు క్లాసంతా నవ్వడం ఎక్కువ బాధగా ఉండేది. మెల్లగా నాకు తెలుగు అంటేనే ఇంట్లో దాచుకోవాల్సినదేదో అనిపించడం మొదలైంది. ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకరోజు నా స్నేహితురాలు మా షాపు దగ్గరికి వచ్చింది. టేప్‌లో ఘంటసాల పాట వస్తోంది. నేను గబగబా వెళ్ళి ఆపేశాను. నాన్న నావైపు ఒకసారి చూసి, చేతిలో ఉన్న చక్రం తిప్పుకుంటూ ఉండిపోయారు. ఏమీ అనలేదు.

ఆ అబ్బాయి పుస్తకం దిద్దిన రోజు నేను చేసిందీ అదే పని. ఇంకోసారి టేప్ ఆపేశాను.

పాటలో ఏముంది?

పాట అంటే కాలక్షేపం, చదువు అయ్యాక మిగిలిన టైంలో చేసుకునే పని అని మనలో చాలామంది అనుకుంటాం. నేను ఇంగ్లిష్ టీచర్‌గా చెబుతున్నాను: భాష ఏదైనా, చెవి ముందు, నోరు తర్వాత, చేయి ఆఖర్న. విననివాడు మాట్లాడలేడు, మాట్లాడనివాడు రాయలేడు. పాత తెలుగు పాటల్లో ప్రతి అక్షరం విడివిడిగా వినిపిస్తుంది. ల, ళ తేడా, శ, ష, స తేడా, పొట్టి అచ్చు, పొడుగు అచ్చు తేడా ఘంటసాల, సుశీల పాడుతుంటే ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతాయి. మా తెలుగు మేడమ్ డిక్టేషన్ పేపర్లు దిద్దుతూ తల పట్టుకునేది సరిగ్గా ఈ అక్షరాల దగ్గరే.

'మాయాబజార్' సంగతే తీసుకోండి. సాలూరి రాజేశ్వరరావు మొదలుపెట్టిన సంగీతాన్ని ఘంటసాల పూర్తి చేశారు. మాటలూ, పాటలూ రెండూ పింగళి నాగేంద్రరావే రాశారు. 'అస్మదీయులు' అనే మాట పక్కన నిలబెట్టడానికి 'తసమదీయులు' అనే మాటని ఆ సినిమాలో ఆయన సరదాగా పుట్టించారు. వ్యాకరణం ఒప్పుకోకపోయినా జనం ఒప్పుకున్నారు. పిల్లలకి ఈ సంగతి చెప్పినప్పుడు వాళ్ళ కళ్ళు పెద్దవయ్యాయి. మాటల్ని మనుషులే తయారుచేస్తారని వాళ్ళకి అప్పటిదాకా తెలియదు. ఆ పీరియడ్‌లో మిగిలిన పది నిమిషాల్లో వాళ్ళు కూడా నాలుగు మాటలు పుట్టించారు. ఒకటి నా గురించే. అది ఇక్కడ రాయను.

ఇంకో సంగతి. ఘంటసాల 1922లో మా గుడివాడ పక్కనే ఉన్న చౌటపల్లిలో పుట్టారు. సంగీతం నేర్చుకోవడానికి విజయనగరం వెళ్ళి, అక్కడ మధూకరం చేసుకుంటూ చదువుకున్నారు. 'మధూకరం' అంటే ఏమిటని అడిగితే క్లాసులో ఒక్కరికీ తెలియలేదు. చదువుకునే పిల్లవాడు జోలె పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, పెట్టిన అన్నం తిని చదువుకోవడం అని చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకమ్మాయి, "రోజూ వెళ్ళాలా మేడమ్?" అని అడిగింది. క్రమశిక్షణ గురించి, కష్టపడటం గురించి నేను ఏడాది పొడవునా చెప్పే మాటలన్నీ ఒకెత్తు, ఆ ఒక్క ప్రశ్న ఒకెత్తు. ఫీజులు కట్టి, బస్సులో పంపి, డబ్బాలో అన్నం పెట్టి మీరు చదివిస్తున్న పిల్లలు చదువు విలువ ఒక పాట పక్కదారిలో తెలుసుకున్నారు.

'శంకరాభరణం' కథ పెద్దవాళ్ళందరికీ తెలుసు. 1980లో వచ్చింది. శాస్త్రీయ సంగీతం చుట్టూ తిరిగే సినిమాని, పెద్ద హీరో అంటూ ఎవరూ లేని సినిమాని, జనం నెత్తిన పెట్టుకున్నారు. ఆ పాటలకి బాలసుబ్రహ్మణ్యానికి, వాణీ జయరాంకి, సంగీతం చేసిన కె.వి. మహదేవన్‌కి జాతీయ అవార్డులు వచ్చాయి. బాలు చిన్నప్పుడు పద్ధతి ప్రకారం శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నవారు కాదు. 1966 డిసెంబరులో మొదటి సినిమా పాట పాడేనాటికి ఆయన మద్రాసులో ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రవాడు. మీ పిల్లల్ని గాయకుల్ని చేయమని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఇంజనీరింగ్ పుస్తకమూ పాటా ఒకే గదిలో ఉండొచ్చని చెప్పడానికి రాస్తున్నాను.

ఇంగ్లిష్ పాడవుతుందా?

మీలో కొందరికి ఈ భయం ఉంటుందని తెలుసు. "ఇంత ఫీజు కట్టి ఇంగ్లిష్ మీడియంలో వేస్తే, మేడమ్ పాత తెలుగు పాటలు వినమంటున్నారేమిటి?" అని.

సి. నారాయణరెడ్డి గారిని గుర్తు చేసుకుందాం. సిరిసిల్ల దగ్గర హనుమాజీపేటలో పుట్టారు. అప్పటి నిజాం రాజ్యంలో ఆయన చదువు ఉర్దూ మీడియంలో సాగింది. అలా చదివినాయనే ఉస్మానియాలో తెలుగు ప్రొఫెసర్ అయ్యారు, 1962లో 'గులేబకావళి కథ'కి పాటలు రాశారు, 1988 జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నారు. బడిలో మీడియం వేరే భాష అయినంత మాత్రాన ఇంటి భాష పోనక్కర్లేదు. ఆ భాషని వినిపించేవాళ్ళు, పాడేవాళ్ళు చుట్టూ ఉంటే చాలు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. 2023 మార్చిలో ఆస్కార్ వేదిక మీద ఎం.ఎం. కీరవాణి ఏం చేశారో గుర్తుందా? తాను కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగానని చెప్పి, వాళ్ళ పాట 'టాప్ ఆఫ్ ది వరల్డ్' బాణీలోనే తన కృతజ్ఞతలు పాడి వినిపించారు. కార్పెంటర్స్ అంటే అమెరికాకి చెందిన అన్నాచెల్లెళ్ళు, రిచర్డ్, కరెన్. ఆ పాట 1973 చివర్లో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. 1961లో కొవ్వూరులో పుట్టిన కీరవాణి అప్పటికి మన ఏడో తరగతి పిల్లల వయసువారు. ఆస్కార్ తర్వాత రిచర్డ్ కార్పెంటర్ తన కుటుంబంతో కలిసి అదే పాట పాడి అభినందనలు పంపారు. ఒక తెలుగు పాటకి బహుమతి వస్తే, తీసుకున్నాయన కృతజ్ఞత చెప్పింది ఇంగ్లిష్ పాట బాణీలో. ఆ ఇంటికి రెండు పాటలూ వచ్చాయి. ఏదీ రెండోదాన్ని బయటికి నెట్టలేదు.

నేను కూడా క్లాసులో కార్పెంటర్స్ పాటలు వినిపిస్తాను. కరెన్ ఉచ్చారణ అంత స్పష్టంగా ఉంటుంది, వెనక బెంచీ పిల్లలు కూడా మాటలు పట్టుకుంటారు.

ఎర్ర సిరా సంగతి బుర్రలో తిరుగుతుంటే, గత నెల పిల్లలకి ఇంకో పని ఇచ్చాను. ఇంట్లో పెద్దవాళ్ళలో ఒకరిని 'మీకు ఇష్టమైన పాట ఏది, ఎందుకు' అని అడగాలి. వాళ్ళు చెప్పింది ఇంగ్లిష్‌లో రాయాలి. పాట ఏ భాషదైనా పర్వాలేదు. ఈసారి ఎత్తిరాయడానికి ఎక్కడా ఏమీ దొరకదు కదా! తెలుగులో విన్నది ఇంగ్లిష్‌లో పెట్టడానికి వాళ్ళు పడిన అవస్థ చూడాలి. ఒక్కో మాటకి నా దగ్గరికి వచ్చి, "బెంగని ఇంగ్లిష్‌లో ఏమంటారు మేడమ్?", "అలగడాన్ని?" అని అడిగారు. కొన్నిటికి నా దగ్గర కూడా సరైన మాట లేదు. కలిసి వెతికాం. గ్రామర్ వర్క్‌షీట్ ఇచ్చిన ఏ రోజూ ఇన్ని ప్రశ్నలు రాలేదు.

ఒకమ్మాయి వాళ్ళ నాన్నగారిని అడిగితే, "నాకేం పాటలమ్మా, టైమెక్కడిది" అన్నారట. రెండు రోజుల తర్వాత రాత్రి ఆయనే పిలిచి చెప్పారట: హాస్టల్లో నలుగురు స్నేహితులకి ఒకటే వాక్‌మన్ ఉండేదని, రాత్రి వంతులేసుకుని వినేవాళ్ళమని. ఆ అమ్మాయి తన పేరాగ్రాఫ్ చివర్లో, మా నాన్నకి కూడా స్నేహితులు ఉండేవాళ్ళని నాకు ఇప్పుడే తెలిసింది అని రాసింది. నేను తప్పులు దిద్దడం ఆపి ఆ వాక్యం రెండుసార్లు చదివాను.

ఇంట్లో ఉర్దూ మాట్లాడే ఒక అబ్బాయి వాళ్ళ అమ్మగారికి ఇష్టమైన మహమ్మద్ రఫీ పాట గురించి రాశాడు. 1969లో వచ్చిన 'భలే తమ్ముడు'లో ఎన్టీఆర్‌కి రఫీ తెలుగులో పాడారని చెబితే వాడు నమ్మలేదు. ఇంటికి వెళ్ళి అమ్మకి వినిపించాడట. ఇది తెలుగు ఇళ్ళకి మాత్రమే చెబుతున్న మాట కాదు. మీ ఇంట్లో తమిళమైనా, మరాఠీ అయినా, హిందీ అయినా మీ పాట మీకుంటుంది.

మీ సందేహాలు

"చదివేటప్పుడు కూడా పాటలు కావాలంటున్నాడు" అని కొందరు అడుగుతారు. అక్కడ నేను మీ పక్షమే. చదివే టైంలో మాటలున్న పాట వద్దు. పుస్తకంలో మాటా, చెవిలో మాటా ఒకదానికొకటి అడ్డం పడతాయి. చదువు అయ్యాక వినమనండి.

"ఇప్పటి పాటల్లో మాటలు మన పిల్లలు వినేలా ఉన్నాయా?" అని ఇంకొందరు అంటారు. కొన్ని లేవు, నిజమే. పాత రోజుల్లోనూ అన్నీ ఆణిముత్యాలు కావు, నాన్న కేసెట్లలో ఎక్కకుండా ఆగిపోయినవి చాలానే ఉన్నాయి. ఇప్పటి పాటల్లోనూ మంచివి ఉన్నాయి. 1986లో 'సిరివెన్నెల' సినిమాకి పాటలు రాసి, ఆ పేరునే ఇంటిపేరు చేసుకున్న సీతారామశాస్త్రి 2021లో కన్నుమూసేదాకా రాస్తూనే ఉన్నారు. ఏది మంచిదో పిల్లలకి తెలియాలంటే మంచివి కొన్ని చెవిన పడి ఉండాలి. నిషేధిస్తే తెలియదు.

"మాకే టైం లేదు మేడమ్" అనేవారికి నా జవాబు ఒక్కటే. ఒక పాట నాలుగైదు నిమిషాలు.

ఇంట్లో ఏం చేయొచ్చు?

వారానికి ఒక్క పాట చాలు. కానీ మొదటి నుంచి చివరి దాకా, అన్ని చరణాలతో సహా వినండి.

ఆ ఒక్క పాటకి ఇయర్‌ఫోన్స్ తీసేయమనండి. కారులోనో, భోజనాల దగ్గరో అందరికీ వినిపించేలా పెట్టండి. ఇయర్‌ఫోన్స్‌తో పిల్లలు మన పక్కనే ఉండి కూడా వేరే ఇంట్లో ఉన్నట్టుంటారు.

ఒక వారం మీ పాట, మరుసటి వారం వాళ్ళ పాట. వాళ్ళ పాట వచ్చినప్పుడు "ఇదీ ఒక పాటేనా" అనకండి. మా నాన్న నేను టేప్ ఆపినప్పుడు కూడా నన్ను వెక్కిరించలేదు. అందుకే ఆ పెట్టె దగ్గరికి మళ్ళీ వెళ్ళగలిగాను.

రాసింది ఎవరు, సంగీతం ఎవరిది, పాడింది ఎవరు అని మూడు పేర్లు కనుక్కోమనండి. పిల్లలకి హీరో పేరు తెలుసు. పాట వెనక పనిచేసినవాళ్ళ పేర్లు కూడా తెలియాలి.

తెలియని మాట వస్తే ఇంట్లో పెద్దవాళ్ళని అడగమనండి. అమ్మమ్మ, తాతయ్య ఊళ్ళో ఉంటే ఫోన్ చేయించండి. 'అన్నం తిన్నావా, బాగా చదువుతున్నావా' దాటి వాళ్ళిద్దరి మధ్య ఇంకో మాట నడుస్తుంది.

ఒక్కటి మాత్రం వద్దు. దీన్ని పోటీ చేయకండి. వీడియో తీసి స్టేటస్ పెట్టకండి. సర్టిఫికెట్ ఇచ్చే క్లాసులో చేర్చకండి. మన పిల్లలకి ర్యాంకు లేని పని ఒక్కటైనా ఉండాలి.

బడి వైపు నుంచి కూడా ఒక మాట. ఈసారి యాన్యువల్ డేలో రికార్డు పెట్టి వేసే డాన్సుల మధ్య, పిల్లలే గొంతెత్తి పాడే పాత పాట ఒక్కటైనా ఉంటే బాగుంటుందని స్టాఫ్ మీటింగ్‌లో అన్నాను. "చూద్దాం" అన్నారు. మీరు కూడా అడిగితే ఆ 'చూద్దాం' కాస్త ముందుకు జరుగుతుందని నా ఆశ.

ఆ పడవ

మొదటి పేరాగ్రాఫ్ రాసిన అబ్బాయి సంగతి చెప్పి ముగిస్తాను. నేను ఆ అబ్బాయి పాత పుస్తకం తెప్పించుకుని, నాలుగు కొట్టేసి తొమ్మిది వేశాను. ఎర్ర సిరాతో రాసిన వాక్యం కింద, ఇది నా తప్పు అని రాసి సంతకం పెట్టాను. క్లాసు ముందు కూడా చెప్పాను. వాడు "పర్లేదు మేడమ్" అని కూర్చున్నాడు.

రెండోసారి ఇచ్చిన పనికి వాడు వాళ్ళ అమ్మ పాట గురించి రాశాడు. బాగానే రాశాడు, సొంతంగానే రాశాడు. "మరి నాన్నమ్మ పాట రాయలేదేం?" అని అడిగితే, "అది ఇంట్లో పాడుకునేది మేడమ్" అన్నాడు.

మార్కులు మార్చడం తేలికే. వాడు మళ్ళీ నా దగ్గర ఆ పాట ఎత్తుతాడో లేదో నాకు తెలియదు. అందుకే మీకు ఇది రాస్తున్నాను. పిల్లలు తమకి ఇష్టమైనది మన ముందు పెట్టేది ఒకటి రెండుసార్లే. అప్పుడు మనం ఏమంటామో దాన్నిబట్టి మూడోసారి ఉంటుందో లేదో తేలిపోతుంది.

ఆ రోజు మీటింగ్‌లో నన్ను అడిగిన నాన్నగారికి: సార్, క్షమించండి, మీ అబ్బాయి చేత పాటలు మాన్పించలేను. ఈ రాత్రి భోజనం అయ్యాక వాడి పక్కన కూర్చుని, ఏం వింటున్నావురా అని అడగండి. వాడి పాట పూర్తిగా వినండి. తర్వాత మీ పాట వినిపించండి. 'మాయాబజార్'లో పిల్లలు ఎక్కిన పడవలో చోటు చాలదని శశిరేఖ అమ్మానాన్నలు గట్టు మీద ఆగిపోలేదు కదా.

వచ్చే మీటింగ్‌లో మార్కుల గురించి తప్పకుండా మాట్లాడుకుందాం. ఆ ముందు, మీ ఇంటి పాట ఏదో నాకు చెప్పండి.

మీ
ఏడో తరగతి ఇంగ్లిష్ టీచర్